శబ్దం రాని వైరు

పాత సీపీయూ మా ఇంటికి వచ్చిన రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాం. నడిమి అర్రలో మంచం మీద బాపు నర్సింహులు. ఆయన కాళ్ల దగ్గర కింద కూర్చుని, తట్టలో ఎల్లిగడ్డలు వలుస్తూ అమ్మ. గడప పక్కన గోడకు ఆనుకుని నానమ్మ గౌరవ్వ. టీవీ వెనక్కి తల దూర్చి అన్న శ్రావణ్. అర్రకూ వంటింటికీ మధ్య, ఎటు పిలిస్తే అటు పోవడానికి వీలుగా, నేను.

బాపు మంచాన పడి అప్పటికి నలభై రోజులు. శివరాత్రి వెళ్లిన నాలుగో రోజు పొద్దున, పొలం గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. కామారెడ్డి ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంచారు. కుడికాలు మెల్లమెల్లగా తిరిగి వచ్చింది. కుడిచెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేది ఆయనకు తెలుస్తుంది. తను ఏం చెప్పాలో కూడా తెలుస్తుంది. నోరు తెరిస్తే మాత్రం "తా... తా..." అనే చప్పుడు తప్ప ఇంకేమీ వచ్చేది కాదు.

ఎల్లారెడ్డికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది మా ఊరు. బాపు గొంతు తెలియనివాళ్లు అక్కడ లేరు. కాలువ నీళ్లు మాకు వంతుల ప్రకారం వస్తాయి. అందరి దగ్గరా ఫోన్లు ఉన్నా సరే, వంతు మారేటప్పుడు బాపు గట్టెక్కి, నోటి పక్కన చెయ్యి అడ్డం పెట్టి, "ఓ రాజన్నా... మడి సూసుకో... నీళ్లు నీ దిక్కు తిప్పుతున్న!" అని పిలిస్తేనే వంతు మారినట్టు లెక్క. పక్క పొలం రాజన్న అవతలి గట్టు నుంచి తువ్వాల ఊపేవాడు. ఆ పిలుపు ఊళ్లోకి కూడా వినబడేది. పొయ్యి మీద కూర పెట్టిన ఆడవాళ్లు దాన్ని విని పొద్దు ఎంతయిందో చెప్పేవాళ్లు.

నాకు ఆ గొంతులో పిసరంత కూడా రాలేదు. బడిలో హాజరు పలికితే టీచర్ రెండోసారి పిలిచేది. "నీ నోట్లె నాలుక లేదానే బిడ్డా?" అని బాపు నవ్వేవాడు. చెప్పాలనుకున్నవి నేను డైరీలో రాసుకునేదాన్ని. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న ఆ యాసంగి పంట కాలంలో, మా ఇంట్లో మాట్లాడనివాళ్లం ఇద్దరమయ్యాం.

ఆసుపత్రిలో మాట నేర్పే సుధారాణి మేడం మాకు ఒక పెన్ డ్రైవ్ ఇచ్చింది. అందులో వందల బొమ్మలు ఉన్నాయి. ఒక బొమ్మ మీద నొక్కితే ఒక ఆడమనిషి నోరు పెద్దగా కనబడి ఆ వస్తువు పేరు పలుకుతుంది. మనం తిరిగి చెప్పాలి. అది కంప్యూటర్‌లో తప్ప తెరుచుకోదు. "మొదటి మూడు నెలలు చాలా ముఖ్యమమ్మా. తర్వాత రాదని కాదు, ఇప్పుడు పట్టుకున్నంత తొందరగా మాత్రం పట్టుకోదు" అని మేడం చెప్పింది. బొమ్మ పెద్దగా ఉండాలనీ, కుడిపక్క వస్తువులు ఆయన కళ్లకు అందడం లేదు కాబట్టి ఎడమ దిక్కున పెట్టాలనీ కూడా చెప్పింది.

పెద్ద బొమ్మకు మా ఇంట్లో కొదవ లేదు. పోయిన దసరాకు అన్న యాభై ఐదు అంగుళాల టీవీ తెచ్చాడు. దానితో పాటు హోమ్ థియేటర్ కూడా తెచ్చాడు. నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు, కింద ఒక నల్ల డబ్బా. అన్న పాటలు పెడితే ఇంటి మీది రేకులు అదిరేవి. టీవీ సొంత గొంతు బాగాలేదని దాన్ని బంద్ పెట్టి, శబ్దమంతా ఆ స్పీకర్లకే కలిపాడు. ఇక కంప్యూటర్ ఒక్కటే తక్కువ. ఎల్లారెడ్డిలో నెట్ సెంటర్ నడిపి మూసేసిన మేనమామ దేవరాజ్, తన దగ్గర మిగిలిన పాత సీపీయూ పంపాడు.

"గిదేందిరా, దీని ఎన్క గిన్ని బొక్కలున్నయి?" నానమ్మ అడిగింది.

"బొక్కలు గాదు నానమ్మా, పోర్టులు."

"ఏదన్న గాని. ఎలుకలు జొర్రకుండ సూసుకోండ్రి."

అన్న నవ్వలేదు. సీపీయూ వెనక నీలిరంగుది ఒకటి, తెల్లది ఒకటి ఉన్నాయి. టీవీ వెనక సన్నగా, బల్లపరుపుగా ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రాలు మూడు ఉన్నాయి. అన్న దగ్గరున్న వైరు ఇటు సరిపోతే అటు సరిపోలేదు.

"కాలం మారింది. కొత్త టీవీకి పాత బొక్క ఉండదు, పాత డబ్బకు కొత్త బొక్క ఉండదు," అన్నాడు. "ప్రణీ, ఎల్లుండి సంది నేను వరికోత మిషను మీద పోతున్న. బాన్సువాడ దిక్కు కోతలు మొదలైనయి. బీబీపేట దాక కోసుకుంట పోయి, మల్ల వచ్చేసరికి ఎన్ని దినాలైతదో. ఈ వైరు నువ్వే తేవాలె."

"నేనా?"

"మరి నానమ్మ పోతదా? ఆసుపత్రికి పోయిన దినం నిజాంసాగర్ చౌరస్తా కాడ భూపాల్ దుకాణంల అడుగు. నోరు మూసుకొని నిలబడకు."

నేను డైరీలో ఆ రెండు రంధ్రాల బొమ్మలూ గీసుకున్నాను. తెల్లదానికి ఎన్ని చిల్లులున్నాయో లెక్కపెట్టి మరీ గీశాను. బాపు మంచం మీద నుంచి చూస్తున్నాడు. ఆయన చూపు నా పెన్ను వెంట మెల్లగా కదిలింది.

నాలుగు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి వస్తూ పోతే, భూపాల్ దుకాణం ఇరుకుగా ఉంది. గోడల నిండా వైర్లు వేలాడుతున్నాయి. నా ముందు నలుగురు, వెనక ఇద్దరు, అందరూ మగవాళ్లే. నేను డైరీ తెరిచి గల్లా మీద పెట్టాను.

భూపాల్ బొమ్మలు చూసి, నన్ను చూసి, మళ్లీ బొమ్మలు చూశాడు.

"ఏం చెల్లె, డ్రాయింగ్ టీచర్‌వా? అచ్చం దించినవ్ గద!"

వెనక ఎవరో నవ్వారు.

"సూడు. గీ తెల్లదాన్ని డీవీఐ అంటరు. దీనికెళ్లి నీ టీవీ హెచ్‌డీఎంఐకి గీ వైరు సీదా పోతది. నడుమల ఏం లేదు. బొమ్మ అద్దం లెక్క వస్తది." ఒక నల్లటి వైరు తీసి ముందు పెట్టాడు. "గీ నీలిదానికెళ్లి కలపాల్నంటే గీ డబ్బి గావాలె. దీనికి కరెంటు వైరు ఒకటి, ఇగో గీ సన్న వైరు ఇంకోటి. బొమ్మ జర మసక మసక ఉంటది గాని..."

అంతలో పక్కనున్నాయన చార్జర్ పని చేయడం లేదని గొడవ మొదలుపెట్టాడు. భూపాల్ అటు తిరిగాడు.

గానీ, తర్వాత ఏమిటి? ఆ సన్న వైరు దేనికి? అడుగుదామనుకున్నాను. ప్రశ్న నాలుక చివరి దాకా వచ్చింది కూడా. రోడ్డు అవతల చెట్టు కింద బాపును పట్టుకుని అమ్మ నిలబడి ఉంది. బాపు తల ఎడమకు వాలి ఉంది. ఎవరో పోతూ పోతూ ఆయన్ని తేరిపార చూశారు.

"ఏది ఇయ్యాలె చెల్లె?" భూపాల్ ఇటు తిరిగి అడిగాడు.

నేను నల్లటి వైరు మీద వేలు పెట్టాను. నా నోటి నుంచి ఒక్క మాటా పోకుండానే ఆ బేరం అయిపోయింది.

ఇంటికి వచ్చి కలిపితే వైరు రెండు దిక్కులా సరిగ్గా కూర్చుంది. టీవీ వెలిగింది. మేడం బొమ్మలన్నీ వరసగా వచ్చాయి. ఎంత తేటగా ఉన్నాయంటే నానమ్మ కూడా లేచి దగ్గరికొచ్చి వంకాయ తొడిమ మీది ముల్లును చూసింది. నేను వంకాయ మీద నొక్కాను. ఆడమనిషి నోరు గోడంత పెద్దగా వచ్చింది. పెదవులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. చప్పుడు లేదు.

మళ్లీ నొక్కాను. లేదు. రిమోట్ తీసుకుని పెంచాను, స్పీకర్ల వైర్లు కదిలించి చూశాను, సీపీయూ ఆపి మళ్లీ పెట్టాను. ఆ నోరు తెరుచుకుంటూనే ఉంది, మూసుకుంటూనే ఉంది. అప్పుడు నాకు ఆ సన్న వైరు గుర్తొచ్చింది.

"బొమ్మ వచ్చింది గద," అంది అమ్మ.

"మాట వస్తలేదమ్మా. ఈ వైరుల కెల్లి మాట రాదు. నేను అడగలే."

నానమ్మ మాత్రం ఊరుకోలేదు.

"మాట రాని మనిషికి మాట రాని టీవీ తెచ్చింది. మంచిగ కుదిరింది."

అన్నాక తనే కొంగు నోట్లో కుక్కుకుని అవతలికి పోయింది. బాపు కళ్లు మూసుకున్నాడు.

మళ్లీ ఆసుపత్రికి పోవాల్సింది ఇరవై ఐదు రోజుల తర్వాత. ఒక్క వైరు కోసం కామారెడ్డి దాకా ఎవరు పోతారు? అన్న మిషను మీద ఉన్నాడు. బాపును వదిలి అమ్మ రాలేదు. ఒంటరిగా పోవడానికి నాకు ధైర్యం లేదు. తెర మీద బొమ్మ కింద పేరు రాసి ఉంటుంది కదా, నేనే చదివి వినిపిద్దామనుకున్నాను. రెండు రోజులు మంచం పక్కన కూర్చుని "బం... గా... ళా... దుం... ప" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. బాపు గోడ దిక్కు తిరిగిపోయాడు. నేను పుట్టినప్పటి నుంచీ నాకు మాట నేర్పినాయన, నా దగ్గర మాట నేర్చుకోలేకపోయాడు.

మూడో రోజు అమ్మ ఎప్పటిలాగే మంచం కాళ్ల దగ్గర కూర్చుని ఎల్లిగడ్డలు వలుస్తోంది. ఊరికే టీవీ పెట్టి నేను బొమ్మలు జరుపుతున్నాను. తెర మీదికి తెల్లటి పెద్ద పాయలు వచ్చాయి. కింద 'వెల్లుల్లి' అని రాసి ఉంది. అమ్మకు అక్షరాలు రావు.

"అగ్గో! నా శేతుల ఉన్నదే అండ్ల ఉన్నది," అంది. చేతిలోని గడ్డను బాపు ఎడమకంటి ముందుకు ఎత్తి పట్టింది. "ఇటు సూడుండ్రి. ఎల్లిగడ్డ. ఎల్లి... గడ్డ."

తెర మీద చప్పుడు లేని నోరు కదులుతోంది. బాపు దాన్ని చూశాడు. అమ్మ నోటిని చూశాడు. అమ్మ చేతిలో ఉన్నదాని వాసన కూడా ఆయనకు తగిలి ఉంటుంది.

"ఎ... ఎల్... ఎల్లి."

అమ్మ తట్ట పక్కకు జరిపింది. గడ్డ ఇంకా ఎత్తి పట్టుకునే ఉంది. "గడ్డ," అంది మెల్లగా.

"ఎల్లి," అన్నాడు బాపు. అంతవరకే. గడ్డ రాలేదు.

నేను వంటింట్లోకి పోయి డైరీలో తేదీ వేసి ఆ మాట రాశాను.

ఆ రోజు నుంచి అదే మా పద్ధతి అయింది. నేను వెనక, వంటింటి గడప మీద మౌస్ పట్టుకుని కూర్చుంటాను. బాపుకు కనబడను. తెర మీద నోరు ఊరికే ఆడుతుంటుంది. పేరు అమ్మ చెబుతుంది. కింద రాసి ఉన్నది అమ్మకు తెలియదు కాబట్టి తన పేర్లే చెప్పేది. బంగాళాదుంప వస్తే ఆలుగడ్డ అనేది. సొరకాయ వస్తే ఆనిగెపుకాయ. వస్తువు ఇంట్లో ఉంటే తెచ్చి చేతిలో పెట్టేది. ఓడ బొమ్మ వచ్చినప్పుడు ఒక్క నిమిషం చూసి, "గిది మనకు పనికి రాదు, ముందటికి జరుపు పిల్లా," అంది. అనాసపండునూ విమానాన్నీ కూడా అలాగే జరిపించింది. గొడ్డలి వస్తే మాత్రం ఆపి, ఆ గొడ్డలితో బాపు చిన్నప్పుడు కాలు ఎలా కోసుకున్నాడో కథంతా చెప్పింది. బాపు ఎడమచేత్తో పిక్క మీది మచ్చను తడుముకుంటూ, "గొ..." అన్నాడు.

ఏప్రిల్ ఆఖరుకు నా డైరీలో పదకొండు మాటలు ఉన్నాయి. ఎల్లి. ఆలు. నీళ్లు. గొడ్డలి. ఇంకా ఏడు. పొలాల్లో వరి పచ్చబడడం మాని పసుపెక్కింది.

ఈసారి ఆసుపత్రికి పోయినప్పుడు మేడం ఎంతో సంతోషపడింది. "శబ్దం బాగా వస్తుందా అమ్మా?" అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. "అయ్యో! శబ్దం లేకుండానే ఇంత వచ్చిందా? ఉంటే ఇంకా తొందరగా వస్తుంది కదా," అంది.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నేను ఆ రోజు అడగకపోవడం వల్ల బాపు ఇన్ని రోజులు పోగొట్టుకున్నాడు. భూపాల్ దుకాణం మెట్లెక్కాను. లోపల ఎంతమంది ఉన్నారో చూడలేదు.

"అన్నా, నీలి బొక్కకు కలిపే డబ్బి గావాలె. దాంట్ల శబ్దం వస్తదా?"

దుకాణంలో అందరికీ వినబడింది. భూపాల్ నవ్వాడు.

"వస్తది చెల్లె. గీ సన్న వైరు అందుకే. సీపీయూ ఆకుపచ్చ బొక్కల పెట్టు. మొన్న అడిగితే మొన్ననే అయిపోవు గద!"

బస్సులో ఆ డబ్బిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నేను అడిగాను, అందరి ముందూ అడిగాను, అని ఎల్లారెడ్డి వచ్చేదాకా నాలో నేను అనుకుంటూనే ఉన్నాను.

మర్నాడు మా ఇంటి ముందు రోడ్డు మీద రాజన్న వడ్లు ఎండబోశాడు. ఆయన పొలమూ మా పొలమూ ఒకేసారి కోశారు. పొద్దున్నుంచి ముత్తవ్వ, ఇంకో ముగ్గురు కూలీలు కాళ్లతో వడ్లు తిరగేస్తూ అటూ ఇటూ నడుస్తున్నారు. వాళ్ల మాటలు, నవ్వులు లోపలికి వినబడుతున్నాయి. అర్ర తలుపు తెరిచే ఉంది.

నేను నల్లటి వైరు తీసేసి డబ్బి కలిపాను. బొమ్మ కొంచెం మసకబారింది. ఆలుగడ్డ మీద నొక్కాను.

"బంగాళాదుంప!"

రేకులు అదిరాయి. శబ్దం అన్న పాటలు పెట్టుకున్న దగ్గరే ఉంది. అప్పుడెప్పుడో నేను పెంచింది కూడా దానికి తోడైంది. ఆ సంగతి నాకు తట్టనేలేదు. రిమోట్ కోసం చూశాను. టీవీ మీద లేదు. మంచం మీద లేదు.

బాపు ఉలిక్కిపడి, వెంటనే సర్దుకుని, మా అందరికంటే ముందే చెప్పాడు. "ఆలు."

చక్కగా చెప్పాడు. ఇంతకు ముందెప్పుడూ అంత గట్టిగా చెప్పలేదు.

"సరిగ్గా రాలేదు. మళ్లీ చెప్పండి," అంది ఆ గొంతు. మేం ఏం చెప్పినా, అసలు చెప్పకపోయినా, కొంచెం సేపు ఆగి ఆ మాటే అంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. దానికి చెప్పడమే తెలుసు, వినడం తెలియదు.

"ఆలు," అన్నాడు బాపు.

"సరిగ్గా రాలేదు. మళ్లీ చెప్పండి."

"ఆ... ఆలు."

"మళ్లీ చెప్పండి."

రోడ్డు మీది నుంచి ముత్తవ్వ గొంతు వినబడింది. "ఓ యవ్వో, నర్సింహులు పటేలు బడికి పోతుండో ఏమో! ఒకటో తరగతే ఇంక దాటలే!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"నోరు ముయ్యే ముత్తవ్వా!" రాజన్న కసిరాడు.

ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. వడ్లలో నడుస్తున్న కాళ్ల చప్పుడు కూడా ఆగిపోయింది. వాళ్లంతా అక్కడే నిలబడి వింటున్నారని మాకు తెలుస్తోంది. నవ్వినప్పటి కంటే అప్పుడే బాపు మొహం నల్లబడింది. ఊరంతా విన్న గొంతు ఆయనది. ఇప్పుడూ ఊరంతా వింటోంది.

ఆయన మంచం దిగాడు. గోడ పట్టుకుని రెండడుగులు వేసి, ఎడమచేత్తో చేతికందిన వైరును పట్టి గుంజాడు. టీవీ నల్లగా అయిపోయింది. రిమోట్ ఆయన పడుకునే దిండు కింద దొరికింది.

తొమ్మిది రోజులు బాపు నోరు తెరవలేదు. నేను శబ్దం బాగా తగ్గించి పెట్టి చూశాను. తలుపు మూసి పెట్టి చూశాను. ఆ గొంతు చీమ నడిచినంత చిన్నగా వచ్చినా ఆయన కళ్లు మూసుకునేవాడు. అమ్మ ఎల్లిగడ్డ చేతిలో పెడితే తీసుకుని మంచం మీద పెట్టేవాడు. రాజన్న ఒకసారి వచ్చి గుమ్మంలో నిలబడి, "అది తెల్వక అన్నది నర్సింహులన్నా, మనసుల పెట్టుకోకు," అన్నాడు. బాపు ఆయన దిక్కు చూడలేదు. రాజన్న గట్టు మీద ఊపినట్టే భుజం మీది తువ్వాల తీసి, ఊపలేక మొహం తుడుచుకుని పోయాడు.

మేడం చెప్పిన మూడు నెలల్లో పదకొండు రోజులే మిగిలాయి. డైరీలో పదకొండు మాటలే ఉన్నాయి.

అన్న కోతలు ముగించుకుని, మొహం మీద దుమ్ముతోనే వచ్చాడు. స్నానం చేసి, అన్నం తిని అర్రలోకి వచ్చేసరికి నేను డబ్బి విప్పి పక్కన పెట్టి, నల్లటి వైరు మళ్లీ తెల్లదానికి కలుపుతున్నాను. బాపు కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడో లేదో తెలియదు.

"ఏం జేస్తున్నవే? డబ్బి మంచిగ నడుస్తలేదా?"

"నడుస్తుంది."

"మరి ఎందుకు తీస్తున్నవ్? గా వైరుల శబ్దం రాదు గద."

"రాదు."

"నీకేమన్న సమజైతుందా ప్రణీ? శబ్దం ఉండాలె అని మేడం అన్నదట. అమ్మ చెప్పింది నాకు. కొత్త డబ్బి ఉంచుకొని మల్ల పాతదానికి పోతవా? నేను అంత పెద్ద స్పీకర్లు తెచ్చింది ఎందుకు? మూగ టీవీ సూడనీకా?"

నేను వైరు మరలు తిప్పుతూనే ఉన్నాను. రెండు పక్కలా రెండు చిన్న మరలు ఉంటాయి. అవి బిగిస్తేనే గట్టిగా కూర్చుంటుంది. బిగించడం అయిపోయాక ఇక చేతులకు పని లేదు.

"అన్నా, ఆ టీవీ మాట్లాడితే బాపు మాట్లాడడు."

అన్న నా దిక్కు చూశాడు. నేనూ ఆపలేదు.

"అది ఇనదు. బాపు మంచిగ చెప్పినా మళ్లీ చెప్పుమంటది. అమ్మ ఇంటది. అమ్మకు ఆలు అంటె సాలు. గీ వైరే మంచిది. గిదే ఉండనియ్యి."

అంత పొడుగు మాట అన్నతో నేను ఎప్పుడూ అనలేదు. అన్న బల్ల వేసుకుని ఎక్కి, పై మూలల్లో ఉన్న రెండు స్పీకర్లూ దించాడు. కింది రెండూ తీశాడు. వాటి వైర్లన్నీ మోచేతికి చుట్టి, నల్ల డబ్బాతో సహా అటక మీద పెట్టాడు. మూలల్లో తెల్లటి చదరపు మచ్చలు మిగిలాయి.

బాపు కళ్లు తెరిచి ఆ మచ్చల్ని ఒకటొకటిగా చూశాడు. కుడి మూలది చూడడానికి తల మొత్తం తిప్పాడు.

మర్నాడు పొద్దున చల్లగా ఉంది. రోడ్డు మీది వడ్లు ఎత్తేశారు. నానమ్మ బయట అరుగు మీద ఉంది. అన్న ఎల్లారెడ్డి పోయాడు. నేను వంటింటి గడప మీద నా చోట్లో కూర్చుని, మోకాళ్ల మీద డైరీ తెరిచి తేదీ వేశాను. అమ్మ తట్ట తెచ్చుకుని మంచం కాళ్ల దగ్గర కూర్చుంది. నేను నొక్కాను. చప్పుడు లేని నోరు తెర మీదికి వచ్చింది, తేటగా, అద్దంలోలాగా.

"ఎల్లిగడ్డ," అంది అమ్మ, కొత్తగా మొదలుపెట్టినట్టు.

బాపు తెర చూడలేదు. అమ్మను చూడలేదు. తల తిప్పి, వెనక గడప మీద ఉన్న నన్ను చూశాడు. నా మోకాళ్ల మీది డైరీ చూశాడు. చేతిలో తెరిచిన పెన్ను చూశాడు. ఆయనకు నేను కనబడనని ఇన్ని రోజులూ అనుకున్నాను. ఆయన ఒక మాట అనగానే నా పెన్ను గీరిన చప్పుడు, చప్పుడు లేని ఆ అర్రలో, ఎన్నిసార్లు విని ఉంటాడో, ఎవరో లెక్కపెడుతున్నారని ఎన్నిసార్లు అనుకున్నాడో.

ఆయన లేచాడు. గోడ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నీళ్లు కావాలేమోనని నేను లేవబోయాను. ఎడమచేత్తో నా భుజం మీద తట్టి, వాకిలి దిక్కు చూపించాడు. ఆయన పెదవులు ఒకటి రెండుసార్లు కలుసుకుని విడిపోయాయి.

"పో."

అది మేడం బొమ్మల్లో లేని మాట. అమ్మ కూడా చెప్పించని మాట.

నేను అమ్మ దిక్కు చూశాను. "మౌస్ ఎవరు...?"

"నేను ఒత్తుత తియ్యి," అంది అమ్మ. ఎల్లిగడ్డ మీది నుంచి కళ్లు ఎత్తలేదు. "పో బిడ్డా."

డైరీ మూసి, పెన్నుకు టోపీ పెట్టి, ఆయన పక్క నుంచి నడిచి వాకిలి గడప దాటాను. ఆయన నా వెనకే వచ్చి, ఎడమచేత్తో తలుపు రెక్క ఒకటి, తర్వాత రెండోది మూశాడు. మా అర్ర గడియ లోపల కుడిపక్కన ఉంటుంది, సగమే వచ్చిన ఆ కుడిచెయ్యే ఎత్తాలి. అది లేచి జారిన చప్పుడు వినబడింది. మళ్లీ లేచింది, చెక్కకు తగిలింది, జారింది. అమ్మ లేచి వెయ్యలేదు. నేను తలుపుకు ఎదురుగా నిలబడి ఉన్నాను. చాలాసేపటికి గడియ పడింది.